వినపడుతుంది కానీ అర్థం కావడం లేదా? వినికిడి తగ్గినా, చెవిలో హోరు మొదలైనా ఏం చేయాలి

మా బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ కార్ఖానాల్లో పక్కపక్కన నిలబడ్డా మాట వినపడదు, చేతి సైగలతోనే పని నడుస్తుంది. ఇంట్లో మాకు ముందు కనిపించింది చెవి సమస్య కాదు, కోపం. అమ్మ "పప్పు అయిపోయింది" అంటే "అప్పా? ఎవరిది?" అనేవాడు. అమ్మ గట్టిగా అరిచేది. "ఎందుకు ఒర్లుతున్నవ్? నాకు మంచిగనే ఇనవడుతది, మీరే లోపల్లోపల మాట్లాడుతరు" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. ఇలా నాలుగేళ్లు గడిచాయి. చెవి పరీక్ష చేయించాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ నాలుగేళ్లు పోగొట్టుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మేం ఆలస్యంగా తెలుసుకున్నవన్నీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలో ఇక్కడ రాస్తున్నాను.

వీటికి మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు

పొద్దున లేచేసరికి, లేదా రెండు మూడు రోజుల్లోనే ఒక చెవి బాగా వినపడకుండా పోతే అది అత్యవసరం. జలుబు చేసి దిబ్బడ పడిందనో, గుబిలి అడ్డుపడిందనో చాలామంది వారాల తరబడి ఊరుకుంటారు. అది లోపలి చెవికి తగిలిన దెబ్బ అయితే స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రెండు వారాలు దాటితే వినికిడి తిరిగొచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, "నిన్నటిదాకా వినపడింది, ఇవాళ వినపడటం లేదు" అని ఆ మాటే చెప్పండి.

వినికిడి తగ్గడంతో పాటు కళ్లు తిరిగి పడిపోతున్నా, ముఖం ఒక పక్కకు వంకరపోయినా, తలకు దెబ్బ తగిలాక చెవిలోంచి రక్తమో నీరో వచ్చినా, చెవి కారుతూ చెవి వెనక వాపు, జ్వరం ఉన్నా అంతే, వెంటనే వెళ్లాలి. హోరు ఒక్క చెవిలోనే వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు నాడితో పాటే దబ్‌దబ్‌మని వినపడుతున్నా ఆ వారంలోనే చూపించుకోండి. అలాంటప్పుడు డాక్టర్ స్కానింగ్ రాయవచ్చు. రాస్తే వద్దనకండి.

ఎక్కడ తేడా వచ్చిందో అర్థం చేసుకోండి

శబ్దం చెవి రంధ్రంలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలికి అందిస్తాయి. లోపల నత్తగుల్లలా చుట్టలు తిరిగిన కాక్లియా ఉంటుంది. అందులోని వెంట్రుకల్లాంటి సన్నని కణాలు ఆ కదలికను నరానికి అందే సంకేతంగా మారుస్తాయి. ఒక్కో చెవిలో ఇవి సుమారు 15 వేలు. పుట్టుకతో వచ్చినవే, పోతే మళ్లీ మొలవవు.

బయటి దారిలోనో మధ్య చెవిలోనో అడ్డు ఉంటే, అంటే గుబిలి గట్టిపడటం, కర్ణభేరికి చిల్లు, చెవి కారడం, చిన్న ఎముక బిగుసుకుపోవడం లాంటివైతే, చాలావరకు మందులతోనో ఆపరేషన్‌తోనో బాగవుతుంది. పైన చెప్పినట్టు ఒక్కసారిగా పోయింది కాకుండా, కాక్లియా మెల్లమెల్లగా దెబ్బతింటే మందు లేదు. అప్పుడు చెవికి పెట్టుకునే వినికిడి మిషన్‌తో, అలవాటుతో వినికిడిని నిలబెట్టుకోవాలి. ఈ రెండింటిలో ఏదన్నది పరీక్ష చేస్తేనే తేలుతుంది.

వయసుతో వచ్చే లోపమైనా, మోతతో వచ్చే లోపమైనా ముందు పోయేది సన్నని, పదునైన శబ్దాలు. అచ్చులు లావు శబ్దాలు, అవి వినపడుతూనే ఉంటాయి. స, ష, త, ప, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే పప్పు, కప్పు, తప్పు అన్నీ ఒక్కలాగే "అప్పు" అన్నట్టు వినపడతాయి. పిలిస్తే పలుకుతారు, చెప్పింది మాత్రం అర్థం కాదు. "కావాలనే విననట్టు నటిస్తున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనుకునేది ఇక్కడే. మా బాపు నిజమే చెప్పాడు. ఆయనకు మా గొంతులు వినపడుతూనే ఉన్నాయి, మాటల్లోని హల్లులే పోయాయి.

ఇంట్లో ఓసారి చూసుకోండి

ఫ్యాన్, టీవీ ఆపేయండి. ఎదుటివారి వెనక ఒక మీటరు దూరంలో నిలబడండి, మీ పెదాలు వాళ్లకు కనపడకూడదు. మామూలు గొంతుతో ఆరు శబ్దాలు, మధ్యలో కాస్త ఆగుతూ అనండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వరస మారుస్తూ ఉండండి. విన్నది విన్నట్టు తిరిగి అనమనండి. ఆ, ఊ, మ్ బాగానే పలికి, ష్, స్ దగ్గర "ఏమన్నావా?" అని వెనక్కి తిరిగితే పరీక్షకు తీసుకెళ్లాల్సిందే. వినికిడి పరీక్షలు చేసేవాళ్లూ ఈ ఆరు శబ్దాలే వాడతారు. మిషన్ పెట్టుకున్నాక కూడా రోజూ పొద్దున ఇదే పద్ధతిలో అది పనిచేస్తోందో లేదో చూసుకోవచ్చు.

ఇంకొన్ని గుర్తులు: టీవీ సౌండ్ పెంచుకుంటూ పోవడం, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకోవడం, ఆడవాళ్ల, చిన్నపిల్లల మాటలు ఎక్కువగా తప్పిపోవడం, పెళ్లిళ్లకు రానని మొండికేయడం. ఈ చివరిదాన్ని మేం "వయసు మీద పడింది" అనుకున్నాం. నలుగురిలో ఏం మాట్లాడుతున్నారో తెలియక నవ్వుతూ కూర్చోవాలంటే ఆయనకు నరకంగా ఉండేదట. అది చాలా రోజుల తర్వాత చెప్పాడు.

చెవిలో ఏదీ పెట్టకండి, ఏదీ పోయకండి

పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, తాళంచెవి, దూది పుల్ల, ఏదైనా సరే గుబిలిని బయటికి తీయదు, ఇంకా లోపలికి కుక్కుతుంది. గుబిలి మురికి కాదు, చెవికి కాపలా. చాలామందికి అదే మెల్లగా బయటికి వచ్చేస్తుంది. వేడి నూనె పోయడం అన్నిటికంటే ప్రమాదం. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి దిగి చీము పట్టిస్తుంది. అడ్డు ఉందనిపిస్తే డాక్టర్ లైటు వేసి చూసి, చిల్లు లేదని చెప్పాకే చుక్కల మందు వాడాలి, నీళ్లతో కడిగించుకోవాలి.

పరీక్ష చేయించండి, ఆ కాగితం చదవడం నేర్చుకోండి

ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి, ఆ తర్వాత వినికిడి కొలిచే నిపుణుడు, అంటే ఆడియాలజిస్ట్ దగ్గర ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేయించాలి. అందరూ పీటీఏ అంటారు. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటులో అయితే పరీక్ష చేసేవారికి ఆడియాలజీ డిగ్రీ, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

వెళ్లేటప్పుడు వాడుతున్న, గతంలో వాడిన మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. టీబీకి ఇచ్చే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, జెంటామైసిన్, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్, క్వినైన్, పెద్ద డోసు ఆస్పిరిన్ కొందరి చెవుల మీద ప్రభావం చూపిస్తాయి. అలాగని మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి చాలు.

బాపును చిన్న గాజు కిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు, చేతికి ఒక బటన్ ఇచ్చారు. ఎంత సన్నగా వినపడినా నొక్కమన్నారు. నేను కిటికీ ఇవతల నిలబడి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత సన్న శబ్దాలు మొదలయ్యాయి. యంత్రం మీద లైటు వెలుగుతోంది, అంటే లోపల శబ్దం వెళ్తోంది. బాపు బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలడం లేదు. శ్రద్ధగా, బడిపిల్లాడిలా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆయన మీద అరిచిన అరుపులన్నీ నాకు ఆ క్షణంలో గుర్తొచ్చాయి.

ఆ పరీక్షతో చేతికొచ్చే గీతల కాగితమే ఆడియోగ్రామ్. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా శబ్దం లావు నుంచి సన్నానికి వెళ్తుంది. పై నుంచి కిందికి డెసిబెల్స్, అంటే ఎంత గట్టిగా ఉంటే వినపడిందన్న లెక్క. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేస్తారు. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మంచి చెవి సగటు 20 డెసిబెల్స్ లోపు ఉంటే మామూలు, 20 నుంచి 35 అయితే కొద్దిపాటి లోపం, 35 నుంచి 50 మధ్యస్థం, ఆపైన ఇంకా ఎక్కువ. బాపు గీత 500 దగ్గర 25లో ఉంది, 4000 దగ్గరికొచ్చేసరికి బావిలోకి జారినట్టు 70కి పడిపోయి, 8000 దగ్గర కాస్త పైకి లేచింది. 4000 చుట్టుపక్కల ఇలా గుంట పడితే మోత తిన్న చెవి అని ఆడియాలజిస్టులు ఇట్టే గుర్తుపడతారు.

ఇది శాతం కాదు. "40 డెసిబెల్స్ అంటే 40 శాతం పోయిందా?" అని నేనూ అడిగాను. కాదు. చెవి వెనక ఎముక మీద పెట్టే పరికరంతో కూడా వినికిడి కొలుస్తారు. ఎముక ద్వారా బాగా వినపడి, గాలి ద్వారా తక్కువ వినపడితే అడ్డు బయటనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. మాటలు పలికించి చేసే పరీక్ష కూడా ఉంటుంది. దాన్ని చేయకుండా వదిలేస్తుంటే చేయమని అడగండి. మన ఇబ్బంది అర్థం కాకపోవడమే కదా.

మిషన్ కొనేటప్పుడు

మేం మొదట చేసిన తప్పు చెబుతాను. పరీక్ష లేకుండా ఒక దుకాణంలో మిషన్ కొన్నాం. అన్ని శబ్దాలనూ ఒకే రకంగా పెంచేది అది. బాపుకు గిన్నెల చప్పుడు గుండెల్లో గుద్దినట్టుండేది, మాట మాత్రం ఎప్పటిలాగే అర్థమయ్యేది కాదు. నాలుగు రోజులకే తీసి బీరువాలో పడేశాడు. ఆ తర్వాత రెండేళ్లు మిషన్ మాటెత్తితే వినలేదు. వినికిడి మిషన్ అంటే కళ్లజోడు లాంటిది. ఎవరి నంబరుకు తగ్గట్టు వాళ్లకు సెట్ చేయాలి. మీ ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించి, ఏ శబ్దం దగ్గర ఎంత తగ్గిందో అక్కడ అంతే పెంచాలి.

ధర కొన్ని వేల నుంచి లక్షల దాకా ఉంటుంది. ఎక్కువ ధర అంటే ఎక్కువ వినపడటం అని కాదు. ఎక్కువ సౌకర్యాలు, గోలలో కాస్త మెరుగ్గా ఉండటం, అంతే. ఇంటి పట్టున ఉండే మనిషికి అన్నిటికంటే ఖరీదైనది అక్కర్లేదు. ఈ నాలుగు ప్రశ్నలు మాత్రం తప్పక అడగండి. కొన్ని రోజులు వాడి చూడటానికి ఇస్తారా? సెట్టింగ్ మార్చడానికి మళ్లీ మళ్లీ రావచ్చా? రిపేరు మా ఊరికి దగ్గర్లో అవుతుందా? మిషన్ పెట్టుకున్నాక శబ్దం ఎంత అందుతోందో చెవిలోనే కొలిచి చూస్తారా? లోపం రెండు చెవుల్లో ఉంటే రెండింటికీ పెట్టుకోవడం మంచిది. శబ్దం ఎటునుంచి వస్తోందో అప్పుడే తెలుస్తుంది.

పెట్టుకున్న మొదటి రోజే "బ్రహ్మాండం" అంటారని ఎదురుచూడకండి. ఏళ్ల తరబడి ఆ శబ్దాలు మర్చిపోయిన మెదడుకు అవి మళ్లీ పరిచయం కావాలి. మొదటి వారం ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజుకు రెండు గంటలు. ఒకరితోనే మాట్లాడాలి. రెండో వారం టీవీ, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఆ తర్వాత బజారు. పెళ్లి, గుడి, బస్సు అన్నిటికంటే చివర. ఇబ్బందిగా ఉన్నవి ఒక కాగితం మీద రాసుకుని సెట్టింగ్‌కు వెళ్లినప్పుడు చూపించండి. "బాగాలేదు" అంటే వాళ్లేం మార్చలేరు. "స్టీలు గిన్నెల చప్పుడు కొట్టినట్టుంది", "నా గొంతు బిందెలో మాట్లాడినట్టుంది" అంటే మార్చగలరు.

రెండోసారి సరిగ్గా సెట్ చేయించిన మిషన్ పెట్టుకుని వచ్చిన సాయంత్రం బాపు వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అమ్మ పోపు వేస్తోంది. "ఆవాలా?" అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన చెవిన పడిన చిటపట అది. అమ్మ ఏమీ అనలేదు, ఇంకో చెంచా ఆవాలు నూనెలో వేసింది.

బ్యాటరీల సంగతి కొంచెం. చిన్న గుండీ బ్యాటరీల మీద రంగు స్టిక్కర్ ఉంటుంది: 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలికి ఉంచి పెట్టాలి. తీసిన దగ్గర్నుంచీ అది ఖర్చవుతూనే ఉంటుంది, మళ్లీ అంటించినా ఆగదు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. మన ఎండకు, చెమటకు మిషన్లు తొందరగా పాడవుతాయి. ఆ గుండీ పిల్లలు మింగితే ప్రాణం మీదకు వస్తుంది, వాళ్లకు అందకుండా దాచండి.

ఇంట్లో మాట్లాడే తీరు మార్చుకోండి

మిషన్ సగం పని చేస్తుంది, మిగతా సగం ఇంట్లోవాళ్లది. ముందు పేరు పెట్టి పిలవండి, మీ వైపు చూశాక మాట మొదలుపెట్టండి. పక్క గదిలోంచి చెప్పకండి. వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి, పెదాలు కనపడితే సగం అర్థమవుతుంది. అరవకండి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, పోయిన హల్లులు అలాగే పోతాయి. కాస్త నిదానంగా, స్పష్టంగా చాలు. ఒకసారి అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అనే బదులు మాట మార్చండి. "పప్పు అయిపోయింది" అర్థం కాకపోతే "కందిపప్పు కొనాలి" అనండి. "ఏం లేదులే, నీకెందుకు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత మనకు నోటికొచ్చేస్తుంది. అది వినే మనిషి ఎదురుగా ఉన్నాడని గుర్తుంచుకోండి.

ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ వేసుకుంటే ఎదుటివారు మాట్లాడింది తెలుగు అక్షరాల్లో కనిపిస్తుంది. డాక్టర్ దగ్గర, బ్యాంకులో చాలా పనికొస్తుంది.

చెవిలో హోరు ఉంటే

ఇది నా సొంత అనుభవం. ఒక పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల పక్కనే రెండు గంటలు ఉన్నాను. ఇంటికొచ్చాక చెవుల్లో కీచురాయి మొదలైంది. మూడు రోజుల్లో చాలా తగ్గింది కానీ, పూర్తిగా పోలేదు. రాత్రి పక్క మీద వాలితే చాలు, అదొక్కటే వినపడేది. ఎన్నో రాత్రులు పిచ్చెక్కుతుందేమోనని టెన్షన్‌తో కూర్చున్నాను.

డాక్టర్ చెప్పింది విన్నాక కొంత భయం పోయింది. చెవి నుంచి రావాల్సిన శబ్దం తగ్గితే, మెదడు ఆ లోటు పూడ్చడానికి తన సౌండ్ తనే పెంచుకుంటుంది. ఆ పెంచిన సౌండ్‌లో వినపడే గరగరే చాలామందికి ఈ హోరు. మెదడు పాడైందని కాదు, పిచ్చికి సూచన అంతకంటే కాదు. అందుకే హోరు ఉన్నవాళ్లు కూడా ముందు పీటీఏ చేయించుకోవాలి. వినికిడి లోపం బయటపడి మిషన్ పెట్టుకుంటే చాలామందికి హోరు కూడా వెనక్కి తగ్గుతుంది. హోరుతో పాటు చెవి నిండినట్టుండి, గంటల తరబడి కళ్లు తిరిగే దశలు వచ్చిపోతుంటే అది మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. దాని వైద్యం వేరు, ఉప్పు తగ్గించడం అందులో ఒక భాగం.

హోరును ఒక్క మాత్రతో మాయం చేసే మందు ఇప్పటిదాకా లేదు. జింకో (ఒక చెట్టు ఆకుల నుంచి తీసే మందు), మెలటోనిన్, జింక్ మాత్రలతో పోతుందని ఆశపెట్టేవాళ్లకు డబ్బు పోయకండి. పనిచేసేవి ఇవీ.

నిశ్శబ్దంలో ఉండకండి. రాత్రి ఫ్యాన్ శబ్దమో, ఫోన్‌లో వాన చప్పుడో పెట్టుకోండి. హోరును పూర్తిగా ముంచేసేంత గట్టిగా వద్దు, హోరు ఇంకా సన్నగా వినపడుతూనే ఉండాలి. అప్పుడే మెదడు దాన్ని పట్టించుకోనక్కర్లేని శబ్దంగా నేర్చుకుంటుంది. కొత్త ఇంట్లో గోడ గడియారం టిక్‌టిక్ మొదటి వారం నిద్ర చెడగొట్టి తర్వాత వినపడటం మానేస్తుంది కదా, అలాగన్నమాట. ఎంత ఉందో చూద్దామని పదేపదే చెవి పెట్టి వినకండి. ఆ అలవాటు మానడానికి నాకు రెండు నెలలు పట్టింది. మానేశాకే తేడా తెలిసింది.

నిద్ర, దిగులు బాగా దెబ్బతింటే సీబీటీ అనే మాటల వైద్యం తీసుకోండి. హోరు వల్ల పడే బాధను తగ్గించడంలో అన్నిటికంటే గట్టి రుజువు ఉన్నది దీనికే. మనసు మరీ కుంగిపోతే, బతకాలనిపించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మిగిలిన చెవిని కాపాడుకోండి

85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చన్నది పనిచోట వాడే ఒక లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే పావుగంట. సాంచాల షెడ్డు, రైస్ మిల్లు, గ్రానైట్ కోసే చోటు, డీజే, అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. దూది పెట్టుకుంటే లాభం లేదు. ఫోమ్ ప్లగ్ వాడండి. దాన్ని వేళ్లతో సన్నగా నులిమి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే.

సర్టిఫికెట్, కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువ, 70, ఆపైన ఉంటే బధిరత్వం కింద లెక్క. అంత ఉంటే దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం సదరం శిబిరంలో పరీక్షకు పేరు రాయించుకోండి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు కేంద్రం ఎడిప్ పథకం కింద మిషన్లు ఇస్తుంది. సికింద్రాబాద్ కేంద్రంలో అడిగితే ఏ కాగితాలు కావాలో చెబుతారు.

ఆడియోగ్రామ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, అసలు కాగితం మీద తారీకు పెద్దగా రాయండి. మళ్లీ ఏడాదికి పరీక్ష చేయించినప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి 2000, 4000 గీతల దగ్గర చూడండి. 10 డెసిబెల్స్‌కు మించి దిగితే మిషన్ సెట్టింగ్ మార్పించాలి. బాపు కాగితాలు ఇప్పటికి మూడయ్యాయి, పాస్‌బుక్కులు పెట్టే కవర్లోనే దాచుకుంటాడు.